వస్తువే శిల్పమైన చోట: జాక్ విట్టెన్ కళాప్రస్థానం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆఫ్రికన్-అమెరికన్ నైరూప్య చిత్రకారుడు, శిల్పి జాక్ విట్టెన్ (1939–2018) దాదాపు ఆరు దశాబ్దాల కళాప్రస్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నల్లజాతి కళాకారుడు నైరూప్య మార్గాన్ని ఎంచుకోవడం తన జాతి చరిత్ర నుంచి తప్పుకోవడమేనన్న ఆక్షేపణ 1960, 70లలో బలంగా వినిపించింది. విట్టెన్ చిత్రాలను, ఆయన చాలాకాలం బయటపెట్టని కొయ్య శిల్పాలతో కలిపి చదివినప్పుడు ఈ ఆక్షేపణ నిలవదని వ్యాసం ప్రతిపాదిస్తుంది. చరిత్రను ఆయన దృశ్యంగా చిత్రించలేదు. పదార్థంగా రచనలో ఇమిడ్చాడు. ఈ పద్ధతికి గల పరిమితులను కూడా వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: జాక్ విట్టెన్, నైరూప్య కళ, ఆఫ్రికన్-అమెరికన్ కళ, వస్తువు–శిల్పం, కొంగో శిల్పం, మొజాయిక్, స్మృతి.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పాఠకులకు ఆఫ్రికన్-అమెరికన్ జీవితం ప్రధానంగా సాహిత్యం ద్వారానే పరిచయమైంది. అలెక్స్ హేలీ 'రూట్స్' నవలకు సహవాసి చేసిన 'ఏడు తరాలు' అనువాదం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కథ ఉన్నచోట చరిత్రను గుర్తించడం తేలిక. పాత్రలుంటాయి, సంఘటనలుంటాయి, కొరడా దెబ్బలుంటాయి, కన్నీళ్లుంటాయి. అదే జాతికి చెందిన ఒక కళాకారుడు మనిషి ఆకారం గానీ, సంఘటన గానీ, గుర్తుపట్టగల దృశ్యం గానీ లేని చిత్రాన్ని మన ముందు ఉంచితే ఆ చరిత్రను ఎక్కడ వెతకాలి? అది అక్కడ ఉన్నదా, లేక కళాకారుడు దానిని వదిలించుకున్నాడా? విట్టెన్ రచనలు చూసే ప్రతి విమర్శకుడికీ ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఈ ప్రశ్నను విచారించడానికి తెలుగు విమర్శ పరిభాషలోనే ఒక అనుకూలమైన జంట ఉంది: వస్తువు, శిల్పం. రచన దేనిని గురించి చెబుతున్నదో అది వస్తువు. ఎలా చెబుతున్నదో అది శిల్పం. ఈ రెండింటిలో దేనికి ప్రాధాన్యమన్న వాదం మన విమర్శలో పాతదే. అయితే ఈ రెండు మాటలకూ వ్యవహారంలో మరో అర్థం కూడా ఉంది. వస్తువు అంటే ఇతివృత్తమే కాదు, చేత్తో పట్టుకోగల పదార్థం కూడా. శిల్పం అంటే రచనానైపుణ్యమే కాదు, రాతిలోనో కొయ్యలోనో చెక్కిన మూర్తి కూడా. విట్టెన్‌ను అర్థం చేసుకోవడానికి ఈ నాలుగు అర్థాలూ అవసరమవుతాయి. ఆయన చిత్రాలలో ఇతివృత్తం పదార్థంగా మారింది. ఆ మార్పును ఆయనకు నేర్పినది శిల్పకళ.

2. బెస్సెమర్ నుంచి న్యూయార్క్ వరకు:

విట్టెన్ 1939 డిసెంబర్ 5న అమెరికా దక్షిణ రాష్ట్రమైన అలబామాలోని బెస్సెమర్‌లో జన్మించాడు. ఉక్కు తయారీ పద్ధతిని కనిపెట్టిన హెన్రీ బెస్సెమర్ పేరు పెట్టుకున్న పారిశ్రామిక పట్టణమది. తండ్రి బొగ్గుగని కార్మికుడు, తల్లి కుట్టుపని చేసేది. బడి, బస్సు, మంచినీటి కుళాయి మొదలుకొని అన్నీ చట్టబద్ధంగా తెల్లవారికీ నల్లవారికీ వేరువేరుగా ఉన్న కాలమది. ఇనుము, బొగ్గు, బట్ట, దారం అనే పదార్థాల మధ్య గడిచిన ఈ బాల్యాన్ని విమర్శకులు జీవితచరిత్రలోని నేపథ్యంగా మాత్రమే పేర్కొనడం సరిపోదు. తర్వాతి కాలంలో ఇవే పదార్థాలు ఆయన రచనలలో ప్రత్యక్షంగా చేరాయి.

1957లో విట్టెన్ వైద్యవిద్యకు సన్నాహంగా టస్కీగీ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అదే సంవత్సరం మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిశాడు. టస్కీగీ నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ చాలాకాలం పరిశోధనలు చేసిన సంస్థ. కార్వర్ చిత్రకారుడు కూడా. పదార్థాన్ని పరీక్షకు పెట్టి దాని గుణాలను తెలుసుకోవాలన్న ప్రయోగశాల దృష్టి విట్టెన్‌లో చివరివరకూ నిలిచింది. కళాభ్యాసం కోసం ఆయన 1959లో లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో ఉన్న సదరన్ యూనివర్సిటీకి మారాడు. అక్కడ పౌరహక్కుల ప్రదర్శనలో పాల్గొని తెల్లవారి హింసను దగ్గరగా చూశాడు. ఆ హింస ఎదుట తాను అహింసకు కట్టుబడి ఉండలేనని గ్రహించి, 1960లో బస్సెక్కి న్యూయార్క్ చేరుకున్నాడు.

న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ కళాశాలలో చేరి 1964లో పట్టభద్రుడయ్యాడు. అక్కడ ఆయనకు రెండు లోకాలు ఒకేసారి పరిచయమయ్యాయి. ఒకవైపు విలెమ్ డి కూనింగ్ వంటి అబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిస్టు చిత్రకారులు. మరోవైపు రోమేర్ బేర్డెన్, జేకబ్ లారెన్స్, నార్మన్ లూయిస్ వంటి నల్లజాతి పెద్దలు. రాత్రిళ్లు జాజ్ క్లబ్బులు మూడో బడిగా ఉపయోగపడ్డాయి. జీవనోపాధికి వడ్రంగిపని చేశాడు. ఈ చివరి అంశం సాధారణంగా ఒక వాక్యంతో దాటిపోయేది. కానీ కొయ్యను కొలవడం, కోయడం, రంపం పట్టడం తెలిసిన చేతులే తర్వాతి చిత్రాల పనిముట్లను తయారుచేశాయి.

3. 'బర్మింగ్‌హామ్ 1964': గాయానికి రూపం

1963 సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్ నగరంలోని సిక్స్‌టీన్త్ స్ట్రీట్ బాప్టిస్ట్ చర్చిలో జాత్యహంకారులు పెట్టిన బాంబు పేలి నలుగురు నల్లజాతి బాలికలు మరణించారు. బెస్సెమర్ ఈ నగరానికి ఆనుకొని ఉన్న పట్టణమే. విట్టెన్ రచించిన 'బర్మింగ్‌హామ్ 1964' ఈ నేపథ్యంలో వచ్చింది.

ఇది చిన్న రచన. ప్లైవుడ్ పలక మీద అల్యూమినియం రేకు, దాని మీద నల్ల రంగు. మధ్యలో రేకు చీలి పెదవుల్లా బయటికి విప్పుకుని ఉంటుంది. ఆ చీలికలోంచి ఒక వార్తాపత్రిక ఛాయాచిత్రం కనిపిస్తుంది. నిరసనకారుడి మీదికి పోలీసు కుక్క ఎగబడుతున్న చిత్రమది. దాని మీద స్త్రీలు కాళ్లకు వేసుకునే పలుచని మేజోడు బట్ట పరిచి ఉంటుంది. చూపరి రెండు అడ్డుతెరలను దాటి ఛాయాచిత్రాన్ని చేరాలి.

ఇక్కడ గమనించవలసింది ఛాయాచిత్రం ఉండడం కాదు, దానిని విట్టెన్ ఎక్కడ ఉంచాడన్నది. అప్పటికి ఆ ఛాయాచిత్రం పత్రికల ద్వారా లోకమంతా చూసినదే. దానిని పెద్దది చేసి గోడకు వేలాడదీస్తే అది మరోసారి వార్తగానే మిగిలేది. విట్టెన్ దానిని చర్మం కింద దాగిన గాయంగా మార్చాడు. రేకు చర్మమైంది, చీలిక పుండైంది. హింసను గురించిన బొమ్మ స్థానంలో హింసకు గురైన ఒక పదార్థం మన ఎదుట నిలిచింది. విట్టెన్ తర్వాతి మార్గమంతా ఈ చిన్న పలకలో బీజరూపంలో ఉన్నదని చెప్పవచ్చు. తర్వాత ఆయన ఛాయాచిత్రాన్ని వదిలేశాడు. గాయపడగల, జ్ఞాపకం ఉంచుకోగల పదార్థాన్ని మాత్రం వదలలేదు.

4. నైరూప్యతపై ఆక్షేపణ:

1960ల ద్వితీయార్ధంలో బ్లాక్ ఆర్ట్స్ మూవ్‌మెంట్ బలపడింది. నల్లజాతి కళ నల్లజాతి ప్రజలకు అర్థం కావాలనీ, వారి పోరాటానికి ఆయుధం కావాలనీ ఆ ఉద్యమం కోరింది. ఆ కోరికకు చారిత్రక న్యాయం ఉంది. నల్లవారి ముఖాన్ని శతాబ్దాలపాటు వికృతంగా చిత్రించిన దేశంలో ఆ ముఖాన్ని గౌరవంగా చిత్రించడమే ఒక రాజకీయ చర్య. ఆ స్థితిలో ముఖమే లేని చిత్రం చేసేవారు తెల్లవారి మ్యూజియంలను మెప్పించడానికి ప్రయత్నిస్తున్నారన్న అనుమానం కలగడం సహజం.

మరోవైపు ఆ మ్యూజియంలు కూడా వారిని ఆదరించలేదు. నైరూప్య కళ సార్వత్రికమని చెప్పుకున్న సంస్థలు ఆ సార్వత్రికతలో నల్లజాతి కళాకారులకు చోటివ్వడానికి వెనుకాడాయి. ఫలితంగా విట్టెన్ తరం నైరూప్య కళాకారులు రెండువైపులా పరాయివారయ్యారు. 1969లో ఫ్రాంక్ బౌలింగ్ స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో నిర్వహించిన 'ఫైవ్ ప్లస్ వన్' ప్రదర్శన ఈ ఒంటరితనానికి ఒక సమాధానం. బౌలింగ్‌తో పాటు విట్టెన్, మెల్విన్ ఎడ్వర్డ్స్, ఆల్ లవింగ్, విలియం టి. విలియమ్స్, డేనియల్ లారూ జాన్సన్ అందులో పాల్గొన్నారు. నల్లజాతి అనుభవం ఒకే శైలిలో మాట్లాడవలసిన అవసరం లేదన్నది ఆ ప్రదర్శన సారాంశం.

ఈ వివాదంలో ఉభయపక్షాలూ ఒక ఊహను పంచుకున్నాయి. చిత్రంలో ఇతివృత్తం ఉండాలంటే ఆకృతి ఉండాలని, ఆకృతి లేకపోతే మిగిలేది కేవలం రూపమేనని రెండు పక్షాలూ నమ్మాయి. ఒక పక్షం దానిని లోపమన్నది, మరొకటి గుణమన్నది. విట్టెన్ రచనలు ప్రశ్నించింది ఈ ఉమ్మడి ఊహనే.

5. 'డెవలపర్': బొమ్మ వేయడం, బొమ్మ చేయడం

1970 ప్రాంతంలో విట్టెన్ తైలవర్ణాలను వదిలి ఆక్రిలిక్‌కు మారాడు. కుంచెను కూడా పక్కన పెట్టాడు. నేల మీద ఒక వేదికను నిర్మించి, దాని మీద కాన్వాస్ పరిచి, పొరలు పొరలుగా ఆక్రిలిక్ పోశాడు. దాదాపు 12 అడుగుల వెడల్పు, 40 పౌండ్ల బరువు ఉన్న ఒక కొయ్య పనిముట్టును స్వయంగా తయారుచేసుకున్నాడు. పొలంలో మట్టిని చదునుచేసే గుంటకను తలపించే పనిముట్టు అది. దానిని ఒక్క ఊపులో, కొద్ది క్షణాలలో, కాన్వాస్ మీదుగా లాగేవాడు. అడుగున ఉన్న రంగులు పైపొరను చీల్చుకుని బయటపడేవి. కాన్వాస్ కింద ముందే అమర్చిన గులకరాళ్లు, తీగలు, దారాలు ఆ ఊపును అడ్డుకుని గీతలుగా నిలిచేవి. ఈ పనిముట్టుకు 'డెవలపర్' అని పేరు పెట్టాడు. ఛాయాచిత్రాన్ని రసాయనంలో ముంచి తేల్చే ప్రక్రియ నుంచి తీసుకున్న పేరది. అంటే 'బర్మింగ్‌హామ్ 1964'లో రేకు కింద దాచిన ఛాయాచిత్రం ఇక్కడ పద్ధతిగా తిరిగివచ్చింది.

ఈ దశలోని 'సైబీరియన్ సాల్ట్ గ్రైండర్' (1974) వంటి చిత్రాలలో వేగంగా కదిలిపోతున్న దృశ్యాన్ని కెమెరా పట్టుకున్నట్టు అడ్డంగా సాగిన పొరలు కనిపిస్తాయి. జాన్ కోల్ట్రేన్ సంగీతంలోని ధ్వనిపొరలను కాంతిపొరలుగా మార్చే ప్రయత్నంగా విట్టెన్ ఈ పనిని వివరించాడు. 1974లోనే న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఆయన ఏకవ్యక్తి ప్రదర్శనను ఏర్పాటుచేసింది.

ఇక్కడ కళాచరిత్ర రచనకు సంబంధించిన ఒక అంశం ఉంది. తడిరంగు మీద వెడల్పాటి పలకను లాగి చిత్రం చేసే పద్ధతి అనగానే జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ పేరు గుర్తుకు వస్తుంది. రిక్టర్ ఆ పద్ధతిని చేపట్టింది 1980 ప్రాంతంలో. విట్టెన్ దానికి దశాబ్దం ముందే అదే దారిలో ఉన్నాడు. ఒకరిని మరొకరు అనుసరించారని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒక ఆవిష్కరణ ఎవరి పేరుతో చరిత్రలో నమోదవుతుందన్నది ఆవిష్కరణ తేదీ మీదే ఆధారపడదని చెప్పడమే ఉద్దేశం.

తాను చిత్రాన్ని వేయడం లేదని, చేస్తున్నానని విట్టెన్ తరచూ అనేవాడు. ఈ భేదం తెలుగులో మరింత స్పష్టంగా పలుకుతుంది. మనకు 'బొమ్మ' అన్న మాట చిత్రానికీ ప్రతిమకూ ఒకటే. కాగితం మీద బొమ్మ వేస్తాం. కొయ్యతో, మట్టితో బొమ్మ చేస్తాం. వేసిన బొమ్మ ఒక తలం మీద ఉంటుంది. చేసిన బొమ్మకు బరువు, మందం, లోపలి భాగం ఉంటాయి. విట్టెన్ చిత్రకళ మొదటి అర్థం నుంచి రెండో అర్థానికి నడిచింది. ఆ నడకకు దారి చూపింది క్రీట్ ద్వీపంలో ఆయన వేసవులు.

6. క్రీట్ శిల్పాలు: దాచిన ప్రస్థానం

విట్టెన్ 1960ల ఆరంభంలోనే కొయ్య చెక్కడం మొదలుపెట్టాడు. న్యూయార్క్ మ్యూజియంలలో ఆఫ్రికా శిల్పాలను చూసిన తర్వాత, వాటిని కంటితో కాక చేతితో అర్థం చేసుకోవాలన్న కోరికే ఇందుకు కారణం. 1965లో మాల్కమ్ ఎక్స్ హత్య తర్వాత చెక్కిన 'హోమేజ్ టు మాల్కమ్' ఈ దశకు చెందిన ముఖ్యమైన శిల్పం. అందులో ఒక భాగం కొమ్ములా నునుపుగా సాగుతుంది. మరో భాగం ఉలిగాట్లతో, మేకులతో, చుట్టిన తీగతో గరుకుగా ఉంటుంది. మాల్కమ్ ఎక్స్ ముఖం ఇందులో లేదు. కానీ ఒకే కొయ్యలో నునుపుదనం, కరకుదనం ఒకదానిలోంచి మరొకటి పుట్టే తీరు, ఎన్నో మలుపులు తిరిగిన ఆ జీవితాన్ని స్ఫురింపజేస్తుంది.

1969లో భార్య మేరీతో కలిసి విట్టెన్ తొలిసారి క్రీట్ వెళ్లాడు. ఆమె గ్రీకు మూలాలున్న అమెరికన్. ఒక చెట్టును వెతికి చెక్కమని తనకు కల వచ్చిందని, ఆ చెట్టు అగియా గలీని అనే జాలరి గ్రామంలో దొరికిందని ఆయన చెప్పేవాడు. అప్పటి నుంచి ఆయన వేసవులు ఎక్కువగా ఆ ద్వీపంలోనే గడిచాయి. శీతకాలం న్యూయార్క్‌లో చిత్రాలు, వేసవి క్రీట్‌లో శిల్పాలు అన్నది ఆయన జీవనక్రమమైంది. నల్ల మల్బరీ, సైప్రస్, ఆలివ్ వంటి స్థానిక కలప, పాలరాయి, సీసం, మేకులు, చేపలు పట్టే దారం, తాను స్వయంగా వేటాడిన చేపల ఎముకలు ఈ శిల్పాలకు ముడిసరుకు. 'ది గార్డియన్', 'హోమేజ్ టు ది క్రి-క్రి' (1985), 'లూసీ' (2011) ఈ వరుసలోనివి. క్రి-క్రి అంటే క్రీట్ కొండలలో తిరిగే అడవిమేక.

ఈ శిల్పాలకు ప్రధాన ప్రేరణ మధ్య ఆఫ్రికాలోని కొంగో ప్రజల 'న్కిసి' ప్రతిమలు. న్కిసి దేహంలో, సాధారణంగా పొట్ట భాగంలో, ఒక గూడు ఉంటుంది. మూలికలు, మట్టి వంటి శక్తిమంతమైన పదార్థాలను అందులో ఉంచి మూసివేస్తారు. ప్రమాణం చేసినప్పుడు, మొర పెట్టుకున్నప్పుడు ప్రతిమలోకి మేకు దిగగొడతారు. దాని శక్తి అది ఎవరిని పోలి ఉన్నదన్న దాంట్లో లేదు. లోపల ఏమి ఉంచారు, ఎన్ని మేకులు దిగాయి అన్నవే దాని అర్థాన్ని నిర్ణయిస్తాయి. విట్టెన్ శిల్పాలలోని గూళ్లు, మేకుల గుంపులు, పొదిగిన ఎముకలు ఈ సంప్రదాయాన్ని అనుసరిస్తాయి. అయితే ఆయన ఆ సంప్రదాయాన్ని యథాతథంగా అనుకరించలేదు. గ్రీకు ద్వీపాల ప్రాచీన శిల్పాన్ని దానికి జోడించాడు. తాళంచెవులు, ఎలక్ట్రానిక్ విడిభాగాల వంటి సమకాలీన వస్తువులనూ చేర్చాడు.

ఈ శిల్పాలు విట్టెన్ జీవించి ఉన్నంతకాలం అమెరికా కళారంగానికి దాదాపు తెలియవు. 'ఒడిస్సీ' పేరుతో సుమారు 40 శిల్పాలతో ఏర్పాటైన ప్రదర్శన 2018 ఏప్రిల్‌లో బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో ప్రారంభమై, అదే ఏడాది న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్‌కు చేరింది. విట్టెన్ అంతకు మూడు నెలల ముందు, 2018 జనవరి 20న మరణించాడు. అదే సంవత్సరం ఆయన స్టూడియో నోట్సు 'నోట్స్ ఫ్రమ్ ది వుడ్‌షెడ్' పేరుతో వెలువడింది. జాజ్ విద్వాంసుల వాడుకలో 'వుడ్‌షెడ్' అంటే ఎవరికీ వినబడకుండా ఒంటరిగా సాధన చేసే చోటు. విట్టెన్‌కు క్రీట్ అటువంటి చోటు. అక్కడి సాధనను లెక్కలోకి తీసుకోకుండా అంతవరకూ వచ్చిన విమర్శ ఆయన చిత్రకళను సగమే చూసిందనడం అతిశయోక్తి కాదు.

7. పలకల చిత్రాలు: 'బ్లాక్ మోనోలిత్' వరుస

1980లో విట్టెన్ నివసించే ట్రైబెకా ప్రాంతంలోని స్టూడియో అగ్నిప్రమాదానికి గురైంది. దాదాపు మూడేళ్లు ఆయన చిత్రాలు చేయలేదు. తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆక్రిలిక్‌ను మరో విధంగా వాడాడు. వీధిలోని మ్యాన్‌హోల్ మూతలు, టైర్ల ఉపరితలాలు వంటివాటి అచ్చులను ఆక్రిలిక్‌తో తీసి, ఆ 'చర్మాలను' కాన్వాస్ మీద అతికించాడు. 1990ల నాటికి ఈ పద్ధతి మొజాయిక్‌గా పరిణమించింది. ఆక్రిలిక్‌ను పోసి, ఎండబెట్టి, చిన్న చిన్న పలకలుగా కోసి, వాటిని ఒక్కొక్కటిగా తడి ఆక్రిలిక్‌లో పేర్చేవాడు. మధ్యధరా తీరపు ప్రాచీన మొజాయిక్ పద్ధతినీ, కంప్యూటర్ తెర మీది పిక్సెల్‌నూ ఆయన ఒకే పలకలో చూశాడు.

ఇక్కడ ఒక సాంకేతికాంశం కీలకమైనది. ఆరని ఆక్రిలిక్‌లో ఏ పదార్థాన్నైనా కలపవచ్చు. ఆరిన తర్వాత అది లోపల బంధితమై ఉంటుంది. అంటే ప్రతి పలక ఒక చిన్న న్కిసి గూడు కాగలదు. చిత్రకారుడి రంగు శిల్పి కొయ్య చేసే పనిని చేపట్టింది.

ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరినది 'బ్లాక్ మోనోలిత్' వరుసలో. 1980ల చివర మొదలై 2017 వరకు సాగిన ఈ వరుసలో ఒక్కో చిత్రం ఒక్కో నల్లజాతి ప్రముఖుడికి అంకితం. జేమ్స్ బాల్డ్విన్, బార్బరా జోర్డన్, జేకబ్ లారెన్స్, అమిరి బరాకా, మాయా ఏంజెలో, ముహమ్మద్ అలీ, చక్ బెర్రీ వారిలో కొందరు. 1994 నాటి రెండో చిత్రం 'ఇన్విజిబుల్ మ్యాన్' నవలా రచయిత రాల్ఫ్ ఎలిసన్‌కు నివాళి. ప్రస్తుతం బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఈ చిత్రంలో చిన్న పలకల మధ్య ఒక నల్లని ఆకారం నిలబడి ఉంటుంది. తల, భుజాలు ఉన్నట్టు తోస్తుంది, కానీ ముఖం లేదు. దానిలోని పదార్థాల జాబితా ఇది: ఆక్రిలిక్, మొలాసిస్, రాగి, ఉప్పు, బొగ్గు, బూడిద, చాకొలెట్, ఉల్లిపాయ, మూలికలు, తుప్పు, గుడ్డుపెంకు, రేజర్ బ్లేడు.

ఈ జాబితాను చదవడమే ఒక విధంగా చిత్రాన్ని చదవడం. మొలాసిస్ అంటే చెరకురసం నుంచి పంచదార తీయగా మిగిలే నల్లని మడ్డి. అట్లాంటిక్ బానిస వ్యాపారాన్ని నడిపిన ప్రధాన సరుకులలో చెరకు ఒకటి. బొగ్గు విట్టెన్ తండ్రి పనిచేసిన గని నుంచి వచ్చిన జ్ఞాపకం. ఉప్పు, ఉల్లిపాయ, మూలికలు వంటింటివి. రేజర్ బ్లేడు గాయపరిచేది. ఈ అర్థాలను విట్టెన్ విడమరచి చెప్పాడని కాదు, ఆ పదార్థాలే తమ చరిత్రను మోస్తున్నాయి. ఎలిసన్ కథానాయకుడు సమాజం తనను చూడడానికి నిరాకరించడం వల్ల అదృశ్యుడయ్యాడు. అటువంటివాడి ముఖాన్ని చిత్రించడం నవలకే విరుద్ధమయ్యేది. ముఖం లేకుండా, బరువు మాత్రం ఉన్న మనిషిని చూపడం ద్వారా విట్టెన్ నవలలోని వస్తువుకు తగిన శిల్పాన్ని కనుగొన్నాడు. నైరూప్యత ఇక్కడ తప్పించుకునే మార్గం కాదు. ఇతివృత్తం కోరిన ఏకైక మార్గం.

2001 సెప్టెంబర్ 11 దాడులను విట్టెన్ ట్రైబెకాలోని తన వీధి నుంచి కళ్లారా చూశాడు. ఆ అనుభవం నుంచి వచ్చిన '9.11.01' 2006లో గానీ పూర్తికాలేదు. సుమారు 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పున్న ఈ చిత్రంలో బూడిద, ఎముకల పొడి, రక్తం వంటివి ఆక్రిలిక్‌లో కలిసి ఉన్నాయి. పేలుడు దృశ్యం లేదు, కూలే భవనాలు లేవు. ఒక పెద్ద నల్లని పిరమిడ్ ఉంది. ప్రపంచమంతా టెలివిజన్ తెర మీద వందలసార్లు చూసిన దృశ్యానికి బదులు, ఆ రోజు తర్వాత మిగిలిన పదార్థాన్ని ఆయన ఎదుట నిలిపాడు. 1964లో పత్రికా ఛాయాచిత్రం విషయంలో తీసుకున్న నిర్ణయమే ఇక్కడ పెద్ద ప్రమాణంలో పునరావృతమైంది.

8. శీర్షికల భారం: ఒక సందేహం

విట్టెన్ పద్ధతిని ప్రశంసించే విమర్శ ఒక సందేహానికి సమాధానం చెప్పవలసి ఉంది. ఆక్రిలిక్‌లో కలిసిపోయిన మొలాసిస్‌ను ఏ చూపరీ కంటితో గుర్తించలేడు. గోడ మీది వివరణ పలకను, చిత్రం శీర్షికను తీసివేస్తే ఎలిసన్, బొగ్గుగని, చెరకుతోట ఏమవుతాయి? ఇతివృత్తం చిత్రంలో ఉన్నదా, శీర్షికలో మాత్రమే ఉన్నదా?

న్కిసి గూటిలోని పదార్థం కూడా బయటికి కనిపించదని ఒక సమాధానం చెప్పవచ్చు. కానీ ఈ పోలిక పూర్తిగా అన్వయించదు. గూటిలో ఏమున్నదో, ఎందుకున్నదో కొంగో సమాజానికి తెలుసు. మ్యూజియం సందర్శకుడికి ఆ తెలివిడి లేదు. అక్కడ సమాజపు ఉమ్మడి జ్ఞానం చేసే పనిని ఇక్కడ ఒక చిన్న వివరణ పలక చేస్తున్నది. ఇది విట్టెన్ వైఫల్యం అనడం కన్నా, తన పూర్వీకుల సమాజం నుంచి బలవంతంగా వేరుచేయబడిన వారి కళకు సహజంగా ఎదురయ్యే స్థితి అనడం న్యాయం. సామూహిక జ్ఞానం తెగిపోయినచోట పేర్లు పెట్టడం, అంకితమివ్వడం ఆ తెగినదాన్ని ముడివేసే పని అవుతుంది.

అయినా ఈ వివరణ అన్ని రచనలకూ సమానంగా వర్తించదు. 'హోమేజ్ టు మాల్కమ్' శిల్పంలో, ఎలిసన్ చిత్రంలో రూపం తనంతట తానే పనిచేస్తుంది. శీర్షిక దానికి దిక్కు చూపుతుంది. 'యాప్స్ ఫర్ ఒబామా' (2011) వంటి రచనలలో మొబైల్ తెరను తలపించే అమరిక ఆకర్షణీయంగా ఉన్నా, అంకితానికీ రూపానికీ మధ్య అటువంటి అనివార్యత కనిపించదు. పేరు మార్చినా చిత్రం పెద్దగా మారదు. విట్టెన్ అంకితాలను అన్నింటినీ ఒకే గాటన కట్టి శ్లాఘించడం విమర్శకు తగదు.

చివరి దశలోని 'అటోపొలిస్: ఫర్ ఎడ్వార్ గ్లిస్సాన్' (2014) ఈ సందేహానికి బలమైన సమాధానం. మార్టినీక్ కవి, తాత్త్వికుడు గ్లిస్సాన్, చెదరిపోయిన జాతులకు ఒకే మూలం కాక పరస్పర సంబంధాలే ఆధారమని ప్రతిపాదించాడు. ఎనిమిది పలకల ఈ విశాల చిత్రం ఆకాశం నుంచి చూసిన నగరంలానూ, నక్షత్ర మండలంలానూ కనిపిస్తుంది. విడివిడి ముక్కలు ఏ ఒక్క కేంద్రానికీ లొంగకుండా ఒకదానితో ఒకటి ముడిపడతాయి. గ్లిస్సాన్ పేరు తెలియని చూపరి కూడా చెదిరినవి కలిసి ఉన్న స్థితిని ఇక్కడ చూడగలడు. పలకలు పేర్చే పద్ధతే ఇక్కడ ఇతివృత్తం.

9. ముగింపు:

విట్టెన్‌కు గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2014లో శాన్ డియేగో సమకాలీన కళా మ్యూజియంలో ఐదు దశాబ్దాల చిత్రాల ప్రదర్శన జరిగింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం ఇచ్చే నేషనల్ మెడల్ ఆఫ్ ఆర్ట్స్ లభించింది. 2025లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ 'ది మెసెంజర్' పేరుతో ఆయన సమగ్ర ప్రదర్శనను నిర్వహించింది. అప్పటికి ఆయన మరణించి ఏడేళ్లు గడిచాయి. పై పరిశీలన నుంచి ఈ క్రింది నిర్ధారణలు చేయవచ్చు.

1. విట్టెన్ ప్రస్థానంలో రాజకీయ దశ, నైరూప్య దశ అనే విభజన సరికాదు. 'బర్మింగ్‌హామ్ 1964' నుంచి '9.11.01' వరకు ఒకే సూత్రం పనిచేసింది: దృశ్యాన్ని పక్కకు జరిపి పదార్థాన్ని ముందుకు తేవడం.

2. ఆయన చిత్రకళను శిల్పకళ నుంచి వేరుచేసి చదవడం అసమగ్రం. మొజాయిక్ చిత్రాలలోని పలకలకు మూలం ఆఫ్రికా ప్రతిమల గూళ్లలోనూ, క్రీట్‌లో చెక్కిన కొయ్యలోనూ ఉంది.

3. నైరూప్యత జాతి చరిత్రకు విముఖమన్న ఆక్షేపణకు ఆధారం, ఆకృతి లేనిచోట ఇతివృత్తం ఉండదన్న ఊహ. ఇతివృత్తం పదార్థంలో కూడా నివసించగలదని విట్టెన్ రచనలు నిరూపించాయి.

4. ఈ పద్ధతి శీర్షిక మీద, వివరణ మీద ఆధారపడే ప్రమాదం ఉంది. రూపం స్వయంగా అర్థాన్ని మోసిన రచనలను, కేవలం అంకితం మీద నిలబడిన రచనలను విమర్శ వేరుచేసి చూడాలి.

వస్తువును శిల్పం నుంచి విడదీసి, ఏది ముఖ్యమని అడిగే విమర్శకు విట్టెన్ రచనల ఎదుట ఆ ప్రశ్నను మార్చుకోక తప్పదు. ఇది దేని బొమ్మ అన్న ప్రశ్నకు ఆయన చిత్రాలు చాలాసార్లు మౌనం వహిస్తాయి. ఇది దేనితో చేసిన బొమ్మ, ఎలా చేసిన బొమ్మ అని అడిగినప్పుడు బొగ్గు, ఉప్పు, బూడిద, చెరకుమడ్డి తమ చరిత్రను చెప్పడం మొదలుపెడతాయి. ఆఫ్రికన్-అమెరికన్ కళను అధ్యయనం చేయదలచిన తెలుగు పరిశోధకులు ఆ రెండో ప్రశ్నతో ప్రారంభించడం ప్రయోజనకరం.